గుంట పరుపు

1959 ఫిబ్రవరి 8, ఆదివారం

ఇది జిన్నింగు మిల్లువాళ్లు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ. ఇన్నాళ్లూ అటక మీద పడి ఉంది. పొద్దు వాలాక ఆ రోజు సంగతులన్నీ మా ఇంటిదానికి చెప్పుకోవడం నాకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. కిందటి నెలలో ఆవిడకి కుడి పక్కంతా పడిపోయింది. మాటా పోయింది. వింటుంది, సందేహం లేదు. కానీ బదులు చెప్పని మనిషితో ఎంతసేపని మాట్లాడతాం? అందుకని ఇక్కడ రాస్తున్నాను. నాకు ఒత్తులు సరిగ్గా రావు. చదివేది కూడా నేనే కనక వచ్చిన నష్టం లేదు.

పరుపు అయిపోయింది. దూదేకులవాణ్ణి, నా పరుపు గురించి నేను చెప్పుకోకూడదు. అయినా చెబుతాను. బ్రాడీపేట ప్లీడర్ల ఇళ్లకు కూడా ఇలాంటిది చేసి ఇవ్వలేదు. నరసరావుపేట పత్తి, మొదటి తీతది. నలక లేకుండా రెండుసార్లు ఏకాను. నడుం వచ్చే చోట గుంట పెట్టి, రెండు పక్కలా గట్టులా లేపాను. కదల్లేని మనిషి దొర్లి కింద పడకూడదు. గుంట రూపు చెడకుండా అడుగున దారపు ముళ్లు దగ్గర దగ్గరగా బిగించాను. గలీబుకు కొత్త చారల గుడ్డ.

అందులో పడుకోబెట్టగానే ఎడమ చేత్తో అంచు తడిమింది. నేను ఏకితే ఆవిడ కుట్టేది. ఈ ఊళ్లో మా చేతి పరుపులన్నిటికీ కుట్టు ఆవిడదే. ఇదొక్కటే నేను కుట్టాను. తప్పు వెతుకుతోంది. దొరకదు.

సోమవారం

జక్రయ్య వచ్చాడు. జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోస్తాడు. ఎప్పటి నుంచో ఎరిగినవాడే. వెనకాల వాళ్ల అమ్మాయి సువార్తమ్మ. గుంటూరు మిషనాసుపత్రిలో నర్సు చదువుతోంది. హాస్టల్లో ఎవరికో ఆటలమ్మ పోసిందట, పిల్లలందరినీ ఇళ్లకు పంపేశారట.

"ఏం సాయిబూ, మా పిల్లకి ఒక ఒళ్లు కావాలంట" అన్నాడు.

"ఒళ్లేందిరా? సంతలో అమ్ముతారా?"

"పరీక్షుందండీ తాతా" అంది ఆ పిల్ల. "మనిషిని తల దగ్గర్నుంచి కాళ్ల దాకా చూసి చెప్పాల. మా నాయన్ని చూద్దామంటే చెయ్యేస్తే చాలు మెలికలు తిరుగుతాడు. పొట్ట ముట్టుకుంటే నవ్వుతాడు. పరీక్షలో నవ్వే రోగి ఉండడుగా."

"నేను రోగినంటావా?"

"అయ్యో, కాదండీ. మంచి ఒళ్లు ఎట్టుంటదో తెలిస్తేగదా చెడ్డది తెలిసేది. ఈ వయసులో ఇట్టాటి ఒళ్లు ఇంకెవరికుంది?"

పిల్లకు మాట తెలుసు. సరేనన్నాను. వెళ్లబోతూ లోపలికి తొంగిచూసి "అవ్వని కూడా ఒకసారి చూడనా?" అంది. ఆవిడ జోలికి వెళ్లొద్దన్నాను. మా ఆవిడ ఒళ్లు ఎవరికీ పాఠం కాదు. కడిగేదీ తుడిచేదీ అన్నీ నేనే. కూతురు రహమతున్నీసా నెలలు నిండి సత్తెనపల్లిలో ఉంది, రాలేదు. ఇరుగమ్మలు వస్తామన్నారు. వద్దన్నాను.

మంగళవారం

అరుగు మీద చొక్కా విప్పించింది. చూడటం, తాకడం, తట్టడం, వినడం. ఈ వరసలోనే చెయ్యాలట. తీరా పొట్ట దగ్గరకొచ్చేసరికి చూడగానే గొట్టం పెట్టి వినేసింది.

"వరస తప్పావు" అన్నాను.

"పొట్టకి ఇంతేనండీ. ముందే పిసికితే పేగులు కదిలి లేని చప్పుడు చేస్తాయంట."

కనురెప్ప కిందికి లాగింది. నాలుక చాపమంది. గోళ్లు నొక్కింది. వీపు మీద ఒక వేలు ఆనించి రెండో చేతి వేలితో తట్టింది, పుచ్చకాయల అంగట్లో తట్టినట్టు. ఊపిరి పీల్చమని, లోపల ఈల వినబడుతోందంది. దూది ధూళి, ఏకే విల్లు పట్టిన నాటి నుంచీ ఉన్నదే అన్నాను. అదంతా రాసుకుంది. మంచి ఒళ్లన్నది మళ్లీ ఈల అంటుంది. ఏది నమ్మాలి?

ఆవిడ లోపల్నుంచి అంతా చూస్తూనే ఉంది.

బుధవారం

పరుపు అంచు కుట్టు జానెడు ఊడింది. ఊడలేదు, ఆవిడే విప్పింది. గోరుతో పోగు లాగి లాగి విప్పింది. దూది బయటికొచ్చింది. దబ్బనం తీసుకుని మళ్లీ కుట్టాను. వంకర కుట్టు చూడలేక విప్పిందా? నా కుట్టు వంకరగా లేదు.

ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద, ముడ్డిపూస మీద, రూపాయి బిళ్లంత మేర నల్లగా ఉంది. కొత్త గలీబు, రంగు దిగి అంటుకుని ఉంటుంది. సబ్బుతో రుద్దాను. పోలేదు. గట్టి రంగే.

గురువారం

ఇవాళ చర్మం పాఠం. నా చెయ్యి బొటనవేలితో నొక్కి వదిలింది. నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడాలట. నా చెయ్యి తెల్లబడనూ లేదు, ఎర్రబడనూ లేదు. పిల్ల తన చెయ్యి నొక్కుకుంది. అక్కడా అంతే. మొహం చిట్లించింది.

"పుస్తకంలో ఉందండీ" అంది.

"ఆ పుస్తకం రాసింది దొరలు" అన్నాను.

ఊరికే అడిగినట్టు అడిగాను, లేవలేని మనిషికి ఒంటి మీద ఏమవుతుందని. బరువంతా ఎముక మీద పడ్డచోట చర్మం నలుగుతుందట. నెత్తురు ఆడక లోపల్లోపల చచ్చిపోతుందట.

"ఒకసారి చిల్లు పడిందా, ఇహ పూడటం కష్టమండీ తాతా. ఎముక దాకా పోయిద్ది. జొరం వచ్చి ప్రాణమే పోయిద్ది. మా వార్డులో ఒకామె అట్టాగే పోయింది."

"చిల్లు పడబోతోందని ఎట్టా తెలుస్తది?"

"ముందు ఎర్రబడుద్ది. చెయ్యి పెడితే వేడిగా ఉంటది."

ఆ పిల్ల వెళ్లాక తలుపు వేసి, ఆవిణ్ణి పక్కకు తిప్పి చూశాను. ఎరుపు లేదు. నల్లగా ఉంది, అంతే. అరచెయ్యి పెట్టాను. వేడి లేదు. ఏమీ లేదు.

శుక్రవారం

చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. మళ్లీ కుట్టు విప్పింది. కుట్టాను. జుమ్మా నమాజుకు ఆలస్యమైంది.

శనివారం

ఏమీ లేదు. మచ్చ కొంచెం పెరిగినట్టుంది. కిటికీ రెక్క మూసి ఉంది, ఆ వెలుతురుకు అట్లా కనిపించి ఉంటుంది.

ఆదివారం

సువార్తమ్మ మిషను గుడి నుంచి తెల్లచీరతో ఇటే వచ్చింది. ఏమనుకున్నానో నేనే పిలిచాను. గడప దాటవద్దన్నాను. ఆవిణ్ణి పక్కకు తిప్పి, దుప్పటి బెత్తెడు పైకెత్తి, అక్కడి నుంచే చూడమన్నాను. మెడ చాపి చూసింది.

"ఎర్రగా లేదు తాతా" అంది.

చూశావా, నేను ముందే అనుకున్నాను. సంతోషమనిపించి బెల్లం ముక్క పెట్టాను. తింటూ అక్కడే నిలబడింది.

"ఒకసారి ముట్టుకుంటానండీ."

"ఎరుపు లేదని నువ్వే అన్నావుగా. మళ్లీ ముట్టుకునేదేంది?"

వెళ్లిపోయింది. బెల్లం సగం అరుగు మీదే పెట్టి వెళ్లింది. ఎందుకని?

సోమవారం

రెండు పేటల దారంతో కుట్టిన అంచు కూడా విప్పేసింది. గోళ్లు చిట్లాయి. వేళ్లకు నెత్తురు. నాకు కోపం వచ్చింది.

"ఏమే, జన్మంతా కుట్టినదానివి, ఈ విప్పడం ఎక్కడ నేర్చావే?" అని అరిచాను. నా మొహంలోకి చూసింది. ఆ చూపేమిటో తెలియలేదు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది. జావ నోట్లోకి పోనివ్వలేదు.

బజార్లో జక్రయ్యతో చెప్పాను. వాడు సంచి దించాడు.

"మా అమ్మ కూడా పోయేముందు అట్టాగే చేసింది సాయిబూ. కప్పిన దుప్పటి పోగులు పీకేది. అది..."

"నోర్ముయ్" అన్నాను.

నోరు మూశాడు. కానీ విన్నాను కదా.

ఇంటికొచ్చి అంచు నాలుగు పేటల దారంతో కుట్టాను, పీకడానికి పోగు దొరక్కుండా. పీకడం ఆగిపోతే పోవడం కూడా ఆగుతుందా? నేనేం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

మంగళవారం

సువార్తమ్మ రెండు ఇత్తడి గ్లాసులతో వచ్చింది. రాత్రి వాళ్ల నాయన ముంజేతి మీద వేడి గంజి ఒలికిందట.

"ఎర్రబళ్లేదండీ. పక్కనున్న చర్మం కంటే నల్లగా, నిగనిగలాడతా ఉంది. ముట్టుకుంటే కాలిపోతోంది. అప్పుడు నా బుర్రకి తట్టింది. ఆదివారం నేను అవ్వ ఒంట్లో ఎరుపు కోసం చూశా. మన ఒంట్లో ఎరుపు ఎక్కడ కనపడుద్దండీ? తప్పు చూశా తాతా."

"నేను రోజూ చెయ్యి పెట్టి చూస్తున్నా. వేడి లేదు" అన్నాను.

"ఏ చెయ్యి?"

ఇదేం ప్రశ్న? కళ్లు మూసుకోమంది. రెండు గ్లాసులూ నా అరచేతులకు ఆనించింది. ఏది వేడి అని అడిగింది. రెండూ ఒకటే అన్నాను. చేతులు తిప్పి, వాటి వెనక వైపు ఆనించింది. ఎడమది గోరువెచ్చగా ఉంది. వెంటనే తెలిసింది.

"ఎప్పట్నుంచో విల్లు పట్టి పట్టి మీ అరచెయ్యి తోలైపోయిందండీ. దానికి వేడి తెలవదు. మాకు నేర్పేటప్పుడే చెప్పారు, వేడి చూడాలంటే చేతి వెనక పెట్టమని. మీకు చెప్పడం మర్చిపోయా."

గ్లాసులు తీసుకుని పొమ్మన్నాను.

లోపలికి వెళ్లి, చేతి వెనక వైపు పెట్టాను. పక్కన పెట్టాను. మళ్లీ అక్కడ పెట్టాను.

వేడి.

బుధవారం

తెల్లవారగానే నేనే ఊరవతల వాళ్ల పాలేనికి వెళ్లి సువార్తమ్మను పిలుచుకొచ్చాను. ఊరి వాళ్లు చూశారు. చూడనీ.

పిల్ల ముందు ఆవిడ దగ్గర కూర్చుని "అవ్వా, నేను జక్రయ్య కూతుర్ని. మీ నడుం చూడనా?" అని అడిగింది. ఆవిడ కళ్లు ఆర్పింది. నేను అడిగి ఉంటే? నేనెప్పుడూ అడగలేదు.

తలుపు బార్లా తీసి వెలుతురు పక్క నుంచి పడేట్టు తిప్పింది. మచ్చ చూసింది, పక్క చర్మం చూసింది. చేతి వెనకతో అటూ ఇటూ తాకింది. వేలితో మెల్లగా ఆనించింది. లోపల పిండిలా మెత్తబడిందట. మడమలు కూడా చూసింది. కుడి మడమ మీద అలాంటిదే చిన్నది. అది నా కంటికి ఆననే లేదు.

"చిల్లు పడలా" అంది. "ఇంకా పడలా. దానికి మళ్లీ బరువు తగలకూడదు. రుద్దొద్దు. పొడిగా ఉంచాల. రెండు గంటలకోసారి పక్కలు మార్చాల." తర్వాత పరుపు మీద చెయ్యి వేసింది. "తాతా, ఈ గుంట తీసెయ్యాలండీ."

"ఏందీ?"

"గుంటలో మనిషి పక్కకి తిరగదు. చెమట ఆరదు. బరువంతా ఒక్కచోటే దిగుద్ది. కింద ముళ్లు ఒత్తుకుంటన్నాయి, చూడండి, మచ్చ సరిగ్గా ముడి పైనుంది."

"నా పరుపు మా ఆవిణ్ణి చంపుతోందంటావా?"

"నేనట్టా అన్లేదండీ."

"గ్లాసులు పట్టుకొచ్చి నాకు పరుపులు నేర్పుతావా? నీ తండ్రి నా దూది మోసి బతికాడు. పో బయటికి."

వెళ్లింది. ఏడవలేదు. ఆవిణ్ణి ఎడమ పక్కకి తిప్పి, వెనకాల తలగడ పెట్టి మరీ వెళ్లింది. గుంటలో తలగడ నిలవలేదు. ఆవిడ మెల్లగా మళ్లీ వెల్లకిలా జారిపోయింది. నా కళ్లముందే జారింది.

గురువారం

ఆ పిల్ల తప్పని తేల్చాలనుకున్నాను.

మధ్యాహ్నం జొహరు నమాజయ్యాక ఆవిణ్ణి ఎత్తి కింద బొంత మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాను. నేను పరుపెక్కి గుంటలో వెల్లకిలా పడుకున్నాను. కుడి చెయ్యి, కుడి కాలు కదపకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మొదట హాయిగా ఉంది. నా పనితనానికి నేనే మురిశాను. కాసేపటికి నడుం కింద తడి మొదలైంది. ఆ తర్వాత ముళ్లు. ఒకటి సరిగ్గా ఎముక కింద. నేను బిగించిన ముడే, ఎక్కడుందో నాకు తెలుసు. జరుగుదామంటే గట్టు. ఇటు జరిగితే ఇటు గట్టు. ఒంటి సగంతో గట్టు దాటలేను. కాసేపు ఓర్చుకున్నాను. మిరపకళ్లాల ఘాటు గాలి వస్తే దగ్గాను, దగ్గితే ముడి ఇంకా దిగింది.

అప్పుడు నా ఎడమ చెయ్యి దానంతటది అంచు పట్టుకుంది. నేను పట్టుకోమనలేదు. పైకి లాక్కోడానికి పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. వేళ్లు కుట్టులోకి దూరాయి.

అలాగే ఉండిపోయాను.

తల తిప్పి చూస్తే ఆవిడ కింద నుంచి నన్నే చూస్తోంది. నా చేతిని చూస్తోంది.

తప్పు వెతుకుతోందని రాశాను. వెనక్కి తిప్పి చదివాను. దొరకదని కూడా రాశాను.

శుక్రవారం

జుమ్మాకు పోలేదు.

పరుపు నడిమింట్లో పరిచాను. గలీబు కొయ్యడానికి కత్తి తీశాను. ఆవిడ కింద బొంత మీద, పక్కకి తిరిగి, వెనక తలగడ నిలబడి. చెయ్యి చాపింది. కత్తి అడుగుతోందనుకుని భయపడ్డాను. కత్తి కాదు. కుట్టు వైపు చాపింది.

కత్తి పక్కన పెట్టాను. నాలుగు పేటల దారం ముడి పళ్లతో కొరికి వదులు చేసి, కొస ఆవిడ ఎడమ చేతికిచ్చాను.

లాగింది. నేను గుడ్డ బిగించి పట్టుకున్నాను. లాగింది. ఎక్కడ పట్టి లాగితే కుట్టు బారుగా ఊడుతుందో ఆవిడకి తెలుసు. ముళ్లు వచ్చే చోట ఆగి, నా చేతి మీద వేలితో కొట్టి చూపించేది. అది నేను తెంపేవాణ్ణి. గుంటంతా విప్పాం. గదినిండా దూది. జక్రయ్య వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇదేంది సాయిబూ! ప్లీడర్లకి కూడా ఇట్టాటిది చెయ్యలేదంటివి?"

"ప్లీడర్లు లేచి తిరుగుతార్రా. మీ అమ్మాయిని పంపు. రానంటే, నేనే వచ్చి అడుగుతానని చెప్పు."

"రాననే పిల్ల కాదు. పొద్దుణ్ణుంచీ మీ వీధి చివరే తిరుగుతా ఉంది."

సువార్తమ్మ వచ్చింది. మొన్నటి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దూది పక్కకి నెట్టి ఆవిడ దగ్గర కూర్చుంది.

"అవ్వా, చూడనా?" అంది. చూసి, నన్ను పిలిచింది. "తాతా, ఇవాళ మీరే చూసి చెప్పండి. నేను రాసుకుంటా."

చేతి వెనక పెట్టాను. పక్కన పెట్టాను. మళ్లీ అక్కడ పెట్టాను. వేడి ఉంది. నిన్నటి కన్నా తక్కువా? తక్కువ అనిపించింది. నేను కోరుకుంటున్నాను కాబట్టి అనిపించిందా? తెలియడం లేదని చెప్పాను.

"తెలవనప్పుడు తెలవదనే రాయాలండీ" అని అలాగే రాసుకుంది. "చిల్లు మాత్రం పడలా. రేపు మళ్లీ చూద్దాం."

శనివారం

మళ్లీ ఏకాను. పల్చటిది, గుంట లేదు, గట్టు లేదు, ముళ్లు అంచుల్లో మాత్రమే. గలీబు పాతది, మెత్తబడ్డది. పిల్ల మూడు చిన్న తలగడలు అడిగింది. వీపు వెనక ఒకటి, మోకాళ్ల మధ్య ఒకటి, మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద ఒకటి.

అంచు కుట్టబోతుంటే ఆవిడ నా చేతిలోంచి దబ్బనం లాక్కుంది. ఎడమ చేతిలో పట్టుకుంది. నేను గుడ్డ రెండంచులూ కలిపి పట్టుకున్నాను. పొడిచింది. నేను అవతల్నుంచి దారం లాగాను. పొడిచింది. లాగాను. చూపు తేడా వచ్చి రెండుసార్లు నా వేలికి దిగింది. మొద్దుబారిన వేలు, నొప్పి తెలియలేదు. చేతి వెనక దిగినప్పుడు తెలిసింది. అబ్బా అన్నాను.

నవ్వింది. సగం మొహంతో.

మధ్యాహ్నం అయ్యేసరికి ఒక పక్క అయింది. కుట్టు బాగా వంకర పోయింది. ఒక పోగు లోపల, ఒక పోగు బయట. జన్మలో ఇంత వంకర కుట్టు మా చేతి మీదుగా పోలేదు. నేను విప్పను.